తానుష్ దొర నడిపి కొడుకు

ముబీనా కువైట్ విమానం ఎక్కేనాటికి ఆమె కూతురు ఫర్హానాకు ఇంకా మాటలు సరిగా రాలేదు. రాయచోటి దగ్గర క్వారీలో బండ దొర్లి భర్త సుభాన్ పోయాక, పిల్లను తల్లి జమీలా బీ ఒళ్లో పెట్టి, కువైట్‌లోని సల్వాలో ఒక కువైటీ ఇంట్లో పనికి కుదిరింది.

ఆ ఇంటి ఇల్లాలు మాత్రం అరబ్బు మనిషి కాదు. పేరు ద్రితా, జాతి అల్బేనియన్. పుట్టింది ప్రిజ్రెన్ అనే కొండల నడుమ ఊళ్లో. అప్పట్లో అది యుగోస్లావియా దేశం. చదువుకోడానికి అక్కడికి వెళ్లిన కువైటీ ఇంజినీరు ఆమెను ఇష్టపడి పెళ్లాడి కువైట్ తీసుకొచ్చాడు. పనిమనుషులు ఇంటావిడను పిలిచినట్టే ముబీనా ఆమెను మామా అనేది, ఆయన్ను బాబా అనేది.

మామాకు అరబ్బీ పుట్టుకతో వచ్చింది కాదు. అందుకే ఒక్కో మాటా విడదీసి, నెమ్మదిగా మాట్లాడేది. ముబీనాకు అదే కలిసొచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యి బాబా పడుకున్నాక ఇద్దరూ వంటింట్లో కూర్చుని పిండి పొరలు వత్తేవాళ్లు. ఓళిగల పిండి సాగదీయడం తెలిసిన చేతులు గనక ముబీనాకు ఆ పని ఇట్టే పట్టుబడింది. పొర వెనక అరచెయ్యి పెడితే గీతలు కనపడాలనేది మామా. మధ్యలో పాలకూరో జున్నో పెట్టి, పెనం మీద చుట్టచుట్టి కాల్చేది. ఆ వాసన ముబీనాకు ఈనాటికీ గుర్తే.

అలా పిండి వత్తుతూనే తానుష్ దొర కథ మొదలుపెట్టింది మామా. ఆరొందల ఏళ్ల కిందట వాళ్ల కొండల్లో చిన్న కోట ఏలిన దొరట ఆయన. తమ వంశం ఆయనదేనని మామా నమ్మకం. బాబా నవ్వేవాడు. "ప్రిజ్రెన్‌లో ఎవర్ని కదిలించినా దొరగారి మనవళ్లే!"

దొర భార్య మారా. ముగ్గురు కొడుకులు. సుల్తాను సైన్యం కొండల దాకా వచ్చేసరికి దొర కప్పం కడతానని ఒప్పుకున్నాడు. మాట తప్పకుండా ఉండేందుకు ఒక కొడుకును తమ దగ్గర ఉంచమన్నారు సుల్తాను మనుషులు. పెద్దవాడు కోటకు వారసుడు. చిన్నవాడు పాలు తాగే పసివాడు.

"మరి ఎవర్ని పంపించారు మామా?" అంది ముబీనా, చేతిలో పిండి వదిలేసి.

"నడిమివాడిని. పేరు లేకా. వాడు గుర్రం ఎక్కేటప్పుడు కూడా సంబరంగానే ఉన్నాడు. ఊరు చూడబోతున్నాననుకున్నాడు."

చాలా ఏళ్లకు దొర ఎదురుతిరిగాడు. కోటను ముట్టడించడానికి వచ్చిన సేనాపతి మరెవరో కాదు, లేకానే. మతం మారింది, పేరు మారింది, మీసం వచ్చింది. మారా కోటగోడ ఎక్కి కొడుకును పేరు పెట్టి పిలిచింది. చిన్నప్పటి సంగతులన్నీ చెప్పి ఏడ్చింది. లేకా అంతా విని పక్కనున్న దుబాసీ వైపు తిరిగాడు.

"ఆ ముసలామె ఏమంటోంది?" అని అడిగాడట.

ముబీనా ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిండి చేతులతోనే మామా ఆమె భుజం పట్టుకుంది. "ఏమైంది? ఇంట్లో ఎవరున్నారు నీకు?" అని అప్పుడు అడిగింది. అంతవరకూ ఆమెకు ఫర్హానా సంగతి తెలియదు. పిల్లలున్నవాళ్లను పనిలో పెట్టుకోరని ఏజెంటు భయపెట్టడంతో ముబీనా నోరు విప్పలేదు.

మామా లేచి చేతులు కడుక్కుంది. హాల్లోని ఫోను దగ్గరకు ముబీనాను చెయ్యిపట్టి తీసుకెళ్లింది. "మాట్లాడు. నీ భాషలోనే మాట్లాడు."

రాయచోటిలో పక్కింటి ఫోనుకు చేస్తే జమీలా బీ పిల్లను ఎత్తుకుని వచ్చింది.

"ఎవురు?" అంది అవతల చిన్న గొంతు.

"నేను మే, మీయమ్మను."

"మాయమ్మ ఈడ్నే ఉండాది," అంది పిల్ల, అవ్వను పట్టుకుని.

ఆరోజు ముబీనా అన్నం ముట్టలేదు. మామా మాత్రం వదల్లేదు. రోజూ సాయంత్రం అసర్ నమాజు కాగానే ఫోను చెయ్యాల్సిందే. బాబా ఏమైనా అంటే ఆమే సర్దిచెప్పేది. మొదట్లో ఫర్హానా ఊకొట్టేది కూడా కాదు. తర్వాత మేక ఈనిన సంగతి చెప్పింది. బడిలో టీచరమ్మ కొట్టిందని ఏడ్చింది. ఒకనాడు తనంతట తానే "అమ్మా, ఇంగ ఎప్పుడొస్తావు మా?" అనడిగింది. రిసీవరు పెట్టేసి ముబీనా వంటింట్లోకి పరుగెత్తి ఆ మాట తెలుగులోనే చెప్పేసింది. అర్థం కాకపోయినా మామా ఆమెను గట్టిగా కావిలించుకుంది.

కథ చివర కూడా మామా తర్వాతెప్పుడో చెప్పింది. కోట పడింది. దొర మిగిలిన కొడుకులతో పడవెక్కి సముద్రం దాటి ఇటలీ పోయాడు. మారా పడవ ఎక్కలేదు. వచ్చిన కొడుకు దగ్గరే ఉండిపోయింది. వాడికి పసిపిల్లాడికి నేర్పినట్టు మళ్లీ మాటలు నేర్పింది. బుక్ అంటే రొట్టె, ఉయ్ అంటే నీళ్లు, నానా అంటే అమ్మ.

"మాకు నాన్నంటే తండ్రి మామా!" అని ముబీనా పగలబడి నవ్వింది. మామా కూడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

ఏళ్లు గడిచాయి. బాబా పోయాడు. మామా కొడుకులిద్దరూ పెళ్లిళ్లై వేరే ఇళ్లకు మారారు. మామాకు మతిమరుపు మొదలైంది. ముందు మనుషుల పేర్లు పోయాయి, తర్వాత అరబ్బీ మొత్తం పోయింది. చిన్ననాటి భాష ఒక్కటే మిగిలింది. ఆ భాష కొడుకులకు రాదు. వాళ్లు వచ్చి మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఏం మాట్లాడాలో తెలియక లేచిపోయేవాళ్లు.

ముబీనాకు మాత్రం ఆ భాష వచ్చా? రాదు. కానీ మాటల మధ్య మారా అనో లేకా అనో వినపడితే కథ ఎక్కడుందో తెలిసిపోయేది. "అయ్యో, పంపించేసినారా మామా? అంత చిన్నోన్నా?" అని తెలుగులో అడిగేది. మామా తలూపి తన భాషలో ఇంకాస్త చెప్పేది. గంటలకొద్దీ అలా సాగేది వాళ్ల మాట. చిన్నకొడుకు యూసుఫ్ ఒకసారి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసి, లోపలికి రాకుండా అలాగే చాలాసేపు ఉండిపోయాడు.

పోయిన చలికాలం మామా కన్నుమూసింది. సులైబిఖాత్ శ్మశానానికి మగవాళ్లు తీసుకెళ్లారు. ముబీనా ఖాళీ అయిన మంచం మీది దుప్పట్లు మడతపెడుతూ ఉండిపోయింది.

ఇప్పుడామె కువైట్‌లోనే, అబ్బాసియాలో కూతురి ఫ్లాటులో ఉంటుంది. ఫర్హానా ఇక్కడే ఒక క్లినిక్‌లో నర్సు. అల్లుడు ఆసిఫ్‌కు షువైఖ్‌లోని గ్యారేజీలో పని. దేశంలో ఉండటానికి కావాల్సిన ఇఖామా అల్లుడే మార్పించాడు. ఇంట్లో అంతా సందడే. అయినా అసర్ వేళకు ముబీనాకు చేతులు ఊరికే ఉండవు. ఆ సల్వా వంటిల్లు, ఎండ పడే ఆ కిటికీ, పిండి అంటిన మామా ఉంగరం కళ్లముందు కదులుతాయి.

మొన్న రంజాను అయిన తర్వాతి శుక్రవారం యూసుఫ్ ఫోను చేసి, అడ్రసు కనుక్కుని, మెట్లెక్కి వచ్చాడు. ఫర్హానా బిర్యానీ పెడితే కారానికి కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు. తిన్నాక కూడా లేవలేదు.

"ముబీనా, అమ్మ నీకు ఏదో కథ చెప్పేది కదా," అన్నాడు అరబ్బీలో. "చిన్నప్పుడు మాకూ చెప్పబోయేది. మేం బంతి పట్టుకుని బయటికి పోయేవాళ్లం. ఆ కొండలూ, ఆ మనుషులూ ఎవరో నాకేమీ తెలియదు."

"నా అరబ్బీలో చెప్తే బాగుండదు నాయనా. ఆమె చెప్పినట్టు రాదు."

"రాకపోయినా చెప్పు."

ఫర్హానా టీ తెచ్చింది. "చెప్పుమా, నేనూ ఇంటాను. నాకు ఫోన్లో సగమే చెప్పింటివి," అంటూ తనూ కింద కూర్చుంది.

ముబీనా తలమీద కొంగు సర్దుకుంది. యూసుఫ్ అచ్చం తల్లిలాగే తల ఓ పక్కకు వంచి చూస్తున్నాడు. మామా విడదీసినట్టే ఒక్కో మాటా విడదీస్తూ ముబీనా, కొండల మీద చిన్న కోట ఉండేదని మొదలుపెట్టింది.