గిర్ని వేడికి నిండిన ఆరో క్యాన్

నీటిని ఆవిరిగా పైకి లేపి, ఉప్పునంతా కిందనే ఉంచే దేవునికి స్తోత్రం. ఆయన చేయి మా ఇంటి మీద ఉందని ఒక ఆదివారం పట్టపగలు తెలుసుకున్నాను.

మొయినాబాదులో కంప్యూటర్ ఆఫీసులు తెరుచుకుంటున్న రోజులవి. కరెంటు పోతే వాటిని నడిపేవి బ్యాటరీలు. ఆ బ్యాటరీల్లో పోయడానికి ఉప్పులేని నీళ్లు కావాలి. దుబాయి నుంచి తిరిగొచ్చిన మా ఆయన పెరట్లో అద్దాల మూతలతో నల్ల తొట్లు కట్టాడు. ఎండకు బోరు నీళ్లు ఆవిరై, అద్దానికి పట్టి, చుక్కలుగా క్యాన్‌లోకి జారేవి. మబ్బు పడితే చుక్క రాలేది కాదు. అందుకని పక్కనున్న పిండి గిర్ని వాళ్లనడిగి, వాళ్ల ఇంజన్ పొగగొట్టానికి రాగి గొట్టం చుట్టాడు. ఊరికే గాలిలో కలిసే ఆ వేడితో నీళ్లు కాగి తొట్లలోకి వచ్చేవి.

ఒక ఆఫీసు ఆరు క్యాన్లు అడిగింది. ఆదివారం రెండు గంటలకు వ్యాన్ వస్తుంది. అందితే ఇక ప్రతివారం మా దగ్గరే. లేకపోతే సోమవారం మళ్లీ దుబాయి కాగితాల మీద సంతకం పెడతానని మా ఆయన ముందే చెప్పాడు. శుక్రవారం నుంచి మబ్బు. ఆదివారం పొద్దుటికి ఐదు నిండాయి. ఆరోదానికి ఇంకా జానెడు వెలితి.

పదకొండింటికి మా ముంగిట్లో ఆరాధన మొదలైంది. మొదటి పాటకే గిర్ని ఆగిపోయింది. గిర్ని నడిపే అన్న మా విశ్వాసంలో లేడు. అయినా ఆరాధన వేళ చప్పుడు వద్దని నేనొకసారి బతిమాలితే, అప్పటినుంచి ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. ఇంజన్ ఆగితే తొట్లకు వేడి రాదు. లేచి గిర్ని వైపు గోడ దగ్గరికి వెళ్లాను.

“అన్నా, ఇయ్యాల ఇంజన్ ఆపకు.”

“ఆపుమన్నది నువ్వే గద చెల్లె. మీ దేవునికి ఇయ్యాల చెవులు నొస్తలేవా?”

“అప్పుడు నొచ్చినయి నా చెవులే.”

అతను నవ్వాడు. కానీ పొద్దున వచ్చిన సంచులన్నీ అయిపోయాయని, గింజ లేకుండా తిప్పితే రాళ్లు అరుగుతాయని, ఉత్త ఇంజన్‌కు అంత వేడి రాదని చెప్పాడు.

మా ఇంట్లో పట్టించడానికి ఏమీ లేదు. ఉన్నదల్లా ప్రార్థన బల్ల కింది సంచి. ఆడవాళ్లు వండే ముందు దేవునికని పిడికెడు తీసిపెట్టి తెచ్చిన బియ్యం అది. మా ఆరాధన నడిపే అయ్యగారి ఇంటి కూడు. ఆ బియ్యం గిర్నిలో పోయడానికి కావాలని ఆయన్నే అడిగాను. అయ్యగారు గ్రంథం మూశారు.

“పిండైతే మా అవ్వకు నమిలే పని తప్పుతది. తీస్కపో బిడ్డా.”

గిర్ని మోతలోనే ప్రార్థన సాగింది. ఎవరి మాట ఎవరికీ వినబడలేదు. అందరూ కళ్లు మూసుకున్నారు, నేను మూయలేకపోయాను. అద్దం మీద చుక్కలనే చూస్తూ ఉన్నాను. వ్యాన్ హారన్ కొట్టేసరికి ఆరో క్యాన్ మెడదాకా వచ్చింది. మా ఆయన మూత బిగించాడు. సోమవారం దుబాయి ఏజెంటు దగ్గరికి వెళ్లలేదు.

అయ్యగారింట్లో మాత్రం నెలంతా ఆ బియ్యప్పిండితో సర్వపిండే.

ఇది చదివిన వారలారా, మన ఆరాధన కోసం తమ పని ఆపుకొని, మన అవసరం కోసం మళ్లీ మొదలుపెట్టిన అలాంటి పొరుగువారి కోసం నాతో కలిసి ఒక్క నిమిషం మోకరించండి.