పరీక్షకు సిద్ధం చేసిన నేల

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నేను దస్త్రాలు వ్రాశాను. విరమణ తర్వాత నగరంలో, జహనుమాలోని మా అరుగు మీద కూర్చుని ఇరుగుపొరుగువారికి దరఖాస్తులు వ్రాసిపెడుతుంటాను. రుసుము తీసుకోను, కొట్టివేతలు సహించను.

మా వెనుక గోడకు ఆనుకొని ఒక పాలవ్యాపారి కొట్టం ఉంది. ఆరు గేదెలు. వాటికి పచ్చగడ్డి చాంద్రాయణగుట్ట దాటి చాలా దూరాన ఉన్న పల్లెలో, అతని బావమరిది పొలం నుంచి ప్రతి ఉదయం ట్రాలీలో వచ్చేది. ఆ పొలం పక్కన రంగుల కార్ఖానా ఒకటి ఎన్నడో మూతపడింది. ఒకే ఏడాదిలో రెండు గేదెలు చచ్చిన దూడలను ఈనాయి. మూడోది చూడితో ఉంది.

"గడ్డిల ఏదో ఉన్నది సారూ. ఇది గూడ గట్లనే అయితే ఇగ కొట్టం ఎత్తేసుడే," అన్నాడతను.

పల్లెల్లో చెడిపోయిన నేలల పరీక్షకు ప్రభుత్వం నిధులిస్తోందని పత్రికలో చదివాను. పంచాయతీకి ఒక్కసారి మాత్రమే. దరఖాస్తు నేనే వ్రాశాను. స్వయంగా ఆ పల్లెకు వెళ్లి గ్రామసభ చేత తీర్మానం చేయించాను.

ఆ రోజే పొలం చూశాను. నడివేసవిలోనూ గడ్డి మోకాలెత్తున, మితిమీరిన పచ్చదనంతో ఉంది. కోసిన మేర నల్లరేగడి మీద నీలపు పొర, ఎండిన గంజిలా అట్టగట్టి ఉంది. ఎంతసేపు నిలబడినా ఒక్క మిడత ఎగరలేదు. కొంగ ఒకటి గట్టు మీద వాలింది. పొలంలోకి అడుగు వేయబోయి, ఎత్తిన కాలు దించకుండానే ఎగిరిపోయింది.

నిధులు మంజూరయ్యాయి. అధికారులు వచ్చే రోజు తెలియగానే పంచాయతీకి లేఖ పంపాను. అందులో ఒక వాక్యం: 'పరీక్షాస్థలము శుభ్రముగాను, చదునుగాను ఉండవలెను.' ముళ్లకంపలూ చెత్తా తీసివేయాలన్నదే నా ఉద్దేశం. అట్లా వ్రాయలేదు.

కొన్ని వారాలకు నివేదిక వచ్చింది. నేల సాధారణ స్థితిలో ఉందట. పాలవ్యాపారి కోవా తెచ్చాడు.

"ఫికర్ పోయింది సారూ. నోరు తీపి చేసుకోండ్రి."

కోవా తిని, నివేదికను మొదటి నుంచి చదివాను. నేల రంగు అన్నచోట 'ఎరుపు' అని ఉంది. అతను వెళ్లాక బావమరిదికి ఫోన్ చేశాను.

"మీది నల్లరేగడి కదా, ఎరుపు అని ఎట్లా వచ్చింది?"

"మీరే రాసిండ్రు గద సారూ, సాఫ్ ఉండాలె, సదునుగ ఉండాలె అని! సార్లు ముందుగాల వచ్చి గుర్తులు పెట్టిన జాగల జానెడు లోతు చెక్కినం. గుట్ట ఎర్రమన్ను తెచ్చి పోసినం. అలుకు జల్లి ముగ్గు గూడ ఏసినం. సార్లు మస్తు ఖుష్ అయిండ్రు."

"చెక్కిన మన్ను ఏం చేశారు?"

"బావ పట్కపోయిండు. గడ్డితోని పాటు ట్రాలీల రోజింత. కొట్టంల గుంతలున్నయట."

వెనుక కిటికీ తెరిచాను. మిట్టమధ్యాహ్నం. గేదెలు పడుకొని నెమరు వేసే వేళ. ఆరూ నిలబడి ఉన్నాయి. తలలన్నీ ఒకేవైపు. ఒక్క దవడ కూడా కదలడం లేదు. వాటి కాళ్ల కింది నేల చదునుగా, నున్నగా ఉంది. దాని మీద ఒక్క ఈగ లేదు. కొట్టంలో ఈగలు లేకపోవడం నేను కొన్నాళ్ల క్రితమే గమనించాను. పరిశుభ్రత అనుకొని సంతోషించాను.

పాలవ్యాపారిని పిలిచి అడిగాను, ఎన్నాళ్లుగా ఇట్లా నిలబడుతున్నాయని.

"వారం అయితుంది. ఎండకేమో అనుకున్న."

విషయం చెప్పాను. మొదట నవ్వాడు.

"రిపోర్టు మంచిగొచ్చింది గద సారూ, మల్లేం లొల్లి?"

నేను నవ్వలేదు. అతను కిటికీలోంచి కొట్టం వైపు చూశాడు.

పంచాయతీకి రెండో పరీక్ష లేదు. కొట్టం పేరిట అడుగుదామంటే ఆ నిధులు పల్లెలకు మాత్రమే. పల్లె మన్ను నగరంలోకి వచ్చిపడితే ఏమి చేయాలో ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. తప్పు నా లేఖదేనని ఒప్పుకొంటూ పై అధికారికి వ్రాశాను. జవాబు ఇంకా రాలేదు.

విషయం తెలిసిన సాయంత్రమే, మిగిలినవాటికి చోటు దొరికేదాకా, చూడి గేదెను మా వాకిట్లో కట్టమన్నాను.

"మీ వాకిట్లనా? పేడ ఏస్తది సారూ."

"వేయనీ."

గచ్చు మీదికి రాగానే గేదె ముందుకాళ్లు మడిచి కూలబడినట్లు పడుకుంది. అతను పక్కన చతికిలబడి దాని కడుపు మీద అరచేయి ఆనించాడు.

"దూడ కదులుతోందా?" అని అడిగాను.

రెండో చేయి ఎత్తి, మాట్లాడవద్దన్నట్లు ఆపాడు. గోడ అవతల మిగిలిన ఐదూ నిలబడే ఉన్నాయి.