రొయ్యల చెరువు మీద దారాలు

ఉదయం ఆరు ఇరవైకి వట్లూరులో ఒక కాలేజీ గేటు ముందు మా ట్రక్కులు ఆగాయి. వాన. మూడు రోజులుగా తెరిపి ఇవ్వని వాన. నలభై ఇద్దరం దిగాం. ఆరు బోట్లు, రెండు మందుల పెట్టెలు, ఒక డ్రోన్. డ్రోన్ నాది. నాదంటే సర్కారుదే. కానీ ఆ సంచీ నా భుజాన ఉండేది, అది తడిస్తే తిట్లు నాకు పడేవి.

నేనప్పుడు హవల్దారుని. మాది తాడేపల్లిగూడెం. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఇంటికి గంట దూరంలో డ్యూటీ పడటం అదే మొదలు, అదే ఆఖరు. ఊళ్ళో ఎవరైనా "సైన్యంలో కష్టమైంది ఏదండీ?" అని అడిగితే మంచు గురించి చెబుతాననుకుంటారు. మంచులో రెండేళ్ళున్నాను. చలి, చీకటి, పప్పు డబ్బాలు. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. నన్ను ఇప్పటికీ అలసట పెట్టేది కొల్లేటిలో ఉన్న ఆ ఆరు రోజులు.

ఏడున్నరకి మేజర్ సాబ్ ఒక క్లాసురూములో బ్లాక్‌బోర్డు మీద సుద్దతో లంకలు గీసి చూపించాడు. నాకిచ్చిన ఆర్డరు నాలుగు ముక్కలు. "పైనుంచి దారి చూడు. బోటుకి చెప్పు. ముప్పై మీటర్ల కిందకి దించకు. నా దగ్గర ఉన్నది ఒక్కటే."

కొల్లేరు సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. తమ్మిలేరు, బుడమేరు పొంగితే ఆ నీళ్ళన్నీ వచ్చి అందులోనే పడతాయి. సరస్సు, చేపల చెరువులు, రోడ్లు అన్నీ కలిసి ఒకే నీరైపోతాయి. పైకి నున్నగా ఉంటుంది. కింద చెరువు గట్లు, పాతిన కర్రలు, వలలు, మోటార్లు, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు. గట్టు మీద మూరెడు నీళ్ళుంటే బోటు ఫ్యాను దానికి తగిలి విరిగిపోతుంది. పైనుంచి చూస్తే మాత్రం గట్టు పసుపుపచ్చ చారలా కనపడుతుంది. ఆ చారల మధ్య లోతు ఎక్కడుందో నేను రేడియోలో చెబుతాను. బోటు ఆ దారిన పోతుంది. అందుకే బోటువాళ్ళు నన్ను 'కన్ను' అని పిలిచేవారు.

రెండు రోజుల్లో పద్నాలుగుసార్లు ఎగరేశాను. మూడు బ్యాటరీలు. ఒక్కోటి ఆ గాలికి ఇరవై నిమిషాలు. ఒకటి గాల్లో ఉంటే ఒకటి జనరేటర్ దగ్గర చార్జింగులో, ఒకటి నా చొక్కాలో. డ్రోన్‌కి వాన పడదు, కాబట్టి తెరిపి ఇచ్చినప్పుడే పని. తక్కిన టైమంతా గట్టు మీద రెయిన్‌కోటు కప్పుకుని ఆకాశాన్ని తిట్టుకుంటూ కూర్చోవడం. బూట్లలో కాళ్ళు నాని తెల్లబడ్డాయి. ఇల్లు మునిగినవాళ్ళు గట్టు మీదే రాళ్ళు పెట్టి టీ కాచి, "ఏవండీ, కాస్త గొంతు తడుపుకోండి" అని మాకే తెచ్చి ఇచ్చేవారు. సిగ్గనిపించేది. తాగేవాళ్ళం.

ఇక్కడ డ్రోన్ గురించి ఒక మాట. దానికి ముందు, వెనక, కింద చిన్న చిన్న కళ్ళుంటాయి. ఏదైనా అడ్డం వస్తే అదే ఆగిపోతుంది, కీచుమని అరుస్తుంది. మంచిదే. కానీ కొల్లేటి మీద కొంగ అడ్డం వచ్చినా ఆగేది. నీళ్ళ మీద ఎండ తళుక్కుమన్నా ఆగేది. నిమిషానికోసారి ఆగి అరుస్తుంటే, కింద బోటువాడు "కన్నూ, ఎడమకా కుడికా? చెప్పవయ్యా!" అని అరుస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. రెండో రోజు సాయంత్రం మెనూలోకి వెళ్ళి అడ్డం చూసే ఆ కళ్ళని ఆపేశాను. ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు ఉదయం పది దాటి అయిదు నిమిషాలకి కబురొచ్చింది. ఒక రొయ్యల చెరువు దగ్గర కాపలావాళ్ళ షెడ్డు మీద మొగుడూ పెళ్ళాం చిక్కుకున్నారు. ఆమెకి ఆయాసం. పీల్చుకునే మందు ముందురోజే అయిపోయింది. అంతవరకు చెప్పి ఆయన ఫోను ఆగిపోయిందట. మేమున్న గట్టు నుంచి సుమారు రెండు కిలోమీటర్లు.

పది ముప్పై అయిదుకి వాన ఆగింది. బోటు సిద్ధం. నడిపేది మలయాళీ లాన్స్ నాయక్. మందుల పెట్టెతో నర్సింగ్ అసిస్టెంటు. నా పక్కన నాగన్నగారు. అరవై దాటిన చేపలవేట మనిషి. మా స్క్రీను చూసి ఏ చెరువు ఎవరిదో చెప్పడానికి ఆయన్ని ఉంచారు. లుంగీ, తలకి పాలిథిన్ సంచీ. రెండు రోజులుగా నాతోనే ఉన్నాడు.

పది ముప్పై ఎనిమిదికి లేపాను. నలభై మీటర్ల ఎత్తు. అయిదు నిమిషాల్లో షెడ్డు దొరికింది. రేకుల మీద నీలం పట్టా. ఒకరు పడుకుని ఉన్నారు, ఒకరు పక్కన కూర్చున్నారు.

"కన్ను నుంచి బోటుకి. ఇద్దరూ ఉన్నారు. ఆమె పడుకుని ఉంది."

నర్సింగ్ అసిస్టెంటు గొంతు వచ్చింది. "ఊపిరి ఆడుతోందా? కూర్చోగలదా? స్ట్రెచర్ ఎక్కించమంటావా, వద్దా?"

స్ట్రెచర్ వేస్తే బోటులో ఇంకో నలుగురికి చోటుండదు. ఆ దారిలోనే ఇంకో కుటుంబం ఎదురుచూస్తోంది. నలభై మీటర్ల నుంచి ఊపిరి కనపడదు. కెమెరా దగ్గరికి లాగి చూశాను. గాలికి బొమ్మ వణికిపోతోంది. దించడం మొదలుపెట్టాను.

నాగన్నగారు స్క్రీను మీదకి వంగాడు. "ఏవండీ, కిందకి దించకండి. రొయ్యల చెరువు కదండీ. దారాలుంటాయి."

"నాకు తెలీదాండీ?" అన్నాను. "నేనూ ఈ ప్రాంతంవాణ్ణే. మా మేనమామ చెరువు మీద సెలవులన్నీ గడిపినవాణ్ణి."

ఆయన స్క్రీను నుంచి వెనక్కి జరిగాడు. పెద్దల మాట చద్దిమూట అని చిన్నప్పుడు బళ్ళో రాయించారు. రాశాను కూడా, గుండ్రంగా.

నాకు తెలిసిన కొల్లేరు ఇరవై ఏళ్ళ కిందటిది. అప్పుడు మామయ్య చెరువు మీద పక్షులు వాలితే కాపలా మనిషి రేకు డబ్బా బాదేవాడు, టపాకాయ పేల్చేవాడు. దారాలు లేవు. నేను సైన్యంలో ఉన్న ఇన్నేళ్ళలో రొయ్య వచ్చింది. కాకి ఒక చెరువులో జబ్బు రొయ్యని ముక్కున కరుచుకుని ఇంకో చెరువులో పడేస్తే ఆ చెరువు కూడా పోతుంది. అందుకని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి సరుగుడు కర్రలు పాతి, జానెడుకొకటి చొప్పున సన్నటి నైలాను దారాలు కడతారు. పక్షి దిగదు. ఇవన్నీ నేను తర్వాత తెలుసుకున్నవి.

అయినా నాకు తెలియాల్సింది ఒకటుంది. అది నేనే పాఠం చెప్పేవాణ్ణి. యూనిట్లో కొత్తవాళ్ళని నిలబెట్టి, "తీగ కనపడదు, స్తంభం కనపడుతుంది. స్తంభాలు వరసగా కనపడ్డాయంటే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క" అని అరిచేవాణ్ణి. ఆ రోజు నీళ్ళలోంచి సరుగుడు కర్రలు వరసగా లేచి నా స్క్రీను మీద నిలబడే ఉన్నాయి. రెండు వరసలు. పాత కంచె అనుకున్నాను.

ముప్పై. ఇరవై. పన్నెండు. తిన్నగా పైనుంచి దించితే ఫ్యాన్ల గాలికి పట్టా ఎగిరిపోతుందని, పక్క నుంచి చెరువు మీదుగా తీసుకొచ్చాను. ఇంకా దించాను. కూర్చున్న మనిషి లేచాడు. రెండు అరచేతులూ నా వైపు చాపి ఊపాడు. పిలుస్తున్నాడు అనుకున్నాను. వస్తున్నానయ్యా, వస్తున్నాను అని పైకే అన్నాను. రిమోట్ మీది పుల్ల ముందుకి నెట్టాను.

పది నలభై ఆరు. ఆకాశం, నీళ్ళు, మళ్ళీ ఆకాశం. తర్వాత స్క్రీను నల్లగా అయిపోయింది.

రేడియోలో లాన్స్ నాయక్ అడుగుతున్నాడు. "కన్నూ, ఇప్పుడు ఎటు? ఎడమ వైపా? కన్నూ, వినపడుతోందా?"

"కన్ను పోయింది" అన్నాను.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. మేజర్ సాబ్ గట్టు మీదకి వచ్చి, నల్లటి స్క్రీను వైపు చూసి, "కళ్ళు లేకపోతే చేతులున్నాయిగా. బోటెక్కు" అన్నాడు. బోటు వెనక్కి వచ్చి నన్నూ నాగన్నగారినీ ఎక్కించుకుంది. ఆయన ముందు కూర్చుని వెదురుగడ నీళ్ళలో దింపి లోతు చూస్తూ దారి చెప్పాడు. నేను రెండో గడ పట్టుకున్నాను. గుర్రపుడెక్క మేట వేసిన చోట బోటు దిగి, మెడలోతు నీళ్ళలో నిలబడి తోశాం. వల రెండుసార్లు ఫ్యానుకి చుట్టుకుంది. చాకుతో కోసి తీసేసరికి ఒక్కోసారి ఇరవై నిమిషాలు. మధ్యలో వాన. పావుగంట దారికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ నాగన్నగారు నన్ను ఒక్క మాట అనలేదు. "గడ కాస్త ఎడమకి వెయ్యండి బాబూ" అనడం తప్ప.

ఒకటి యాభైకి చేరాం. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి. గాలి లోపలికి పోతున్న చప్పుడు బోటులోకి వినపడుతోంది. నర్సింగ్ అసిస్టెంటు ముక్కుకి మందు గొట్టం పెట్టాడు. పది నిమిషాలకి కళ్ళు తెరిచింది. నేను అక్కడే రేకుల మీద కూర్చుండిపోయాను.

"ఆయనేరీ?" అని అడిగాడు నాగన్నగారు.

ఆమె చెయ్యి ఎత్తి చెరువు వైపు చూపించింది. గొట్టం తీసి, మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతూ చెప్పింది. "వద్దన్నానండి. వినలేదు. ఇంకో మిషను పంపుతారే, అదీ పడిపోద్ది, దారాలు తీసేత్తానని దిగారండి."

గట్టు మునిగిపోయి ఉంది. దాని మీద నడుము లోతు నీళ్ళు. మొదటి వరస కర్రల మీద ఒక్క దారం లేదు. రెండో వరసలో సగం లేవు. ఆ సగం దగ్గర మనిషి ఒక కర్రని రెండు చేతులతో కావలించుకుని, తల దానికి ఆనించి నిలబడి ఉన్నాడు. కత్తి వరదలో పోయిందట. తడిసిన ముడులు ఊడిరావు. దారాన్ని అరచేతికి చుట్టుకుని గుంజి తెంపాడు. ఒక్కొక్కటీ. మూడు గంటలు.

నేనూ లాన్స్ నాయకూ దిగి పట్టుకొచ్చాం. కర్ర నుంచి వేళ్ళు విడిపించడం కష్టమైంది. అరచేతుల్లో చర్మం అన్నది మిగల్లేదు. బోటులో కట్లు కట్టారు. ఇద్దరినీ గట్టు మీదకి చేర్చి ఏలూరు ఆసుపత్రికి పంపాం. ఆమె నాలుగు రోజుల్లో తేరుకుందని విన్నాను. ఆయన కుడిచేతి రెండు వేళ్ళు మాత్రం ఇక వంగవని డాక్టర్లు చెప్పారట. ఏడుకొండలు ఆయన పేరు. చెరువు పనివాడికి కుడిచెయ్యి అంటే ఏమిటో నేను మీకు చెప్పక్కర్లేదు.

ఇంకో మూడు రోజులు బోట్లు తోశాం. నీరు తీసింది. యూనిట్‌కి తిరిగి వెళ్ళాక ఒక ఫారం ఇచ్చారు. డ్రోన్ ఎలా పోయింది, కారణం రాయమన్నారు. 'కంటికి కనపడని అడ్డంకి' అని రాశాను. సంతకం పెట్టాను. అంతటితో ఆ కాగితం పని అయిపోయింది.

మరుసటి ఏడు రిటైరై తాడేపల్లిగూడెం వచ్చేశాను. ఇప్పుడు పెళ్ళిళ్ళకి వీడియోలు తీసేవాళ్ళు డ్రోన్ నేర్పమని వస్తుంటారు. అడ్డం వస్తే అదే ఆగుతుంది కదండీ అంటారు. ఆగదు. సన్నటి తీగ దానికి కనపడదు, కొమ్మ చివర కనపడదు, నీళ్ళ మీద దానికి మతే ఉండదు. ముందు నడిచి వెళ్ళి చూడండి, ఆ చోటు తెలిసిన మనిషిని అడగండి, ఆయన వద్దంటే మానండి అని చెబుతాను. ఈయనకి చాదస్తం అని నవ్వుకుంటూ పోతారు. నవ్వుకోనీ.

వాళ్ళకి చెప్పనిది ఒకటుంది. ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ రోజు బోటు తిరిగి వస్తుంటే ఏడుకొండలు నా ఎదురుగా కూర్చున్నాడు. నా మెడలో వేలాడుతున్న రిమోట్‌ని చాలాసేపు చూశాడు. తర్వాత, "మీదేనాండీ ఆ మిషను?" అన్నాడు. అవునన్నాను.

"తప్పయిపోయిందండి బాబూ. మా దారాల వల్ల పాడైపోయింది. వద్దు, రావద్దు అని చేతులూపాను గానీ, పాపం మీకు కనపడలేదేమోనండి."

అని రెండు చేతులూ జోడించాడు. కట్లలోంచి నెత్తురు మోచేతుల దాకా కారుతోంది. ఆ అరచేతులు ఒకదానికొకటి ఆనలేదు, మధ్యలో సందు ఉండిపోయింది. నాగన్నగారు తల తిప్పుకుని నీళ్ళకేసి చూశాడు. నాకు తల తీసేసినట్టయింది. కనపడ్డావయ్యా, బాగానే కనపడ్డావు, ఈయన ముందే చెప్పాడు కూడా అనాలి. చివరికి నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట.

"ఫర్వాలేదండి" అన్నాను.

ఆయన ముఖంలో భారం దిగిపోయింది. జోడించిన చేతులు దించకుండానే, "చల్లగా ఉండండి బాబూ" అన్నాడు.