పేజీ అడుగున రెండు వరుసలు

పెనుకొండ గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాక, అక్కడి పుస్తకాల పట్టికను నేనే వెబ్‌సైటుగా చేశాను. వాడినవన్నీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు. వాటిని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. చేసినవాళ్ళ పేరు మాత్రం చెరపకూడదు. నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఏ రోజు ఎక్కడ తప్పు చేశానో డైరీల్లో ఉంది.

హిందూపురంలో కంప్యూటర్ సెంటర్ నడిపే ఆయన ఒకసారి వచ్చి, ధర్మవరం గ్రంథాలయానికి అలాంటిదే చేసిస్తానని ఒప్పుకున్నానన్నాడు. ఫైళ్ళన్నీ పెన్‌డ్రైవులో వేసిచ్చాను.

"పేజీ అడుగున నా పేరుతో రెండు వరుసలుండాయి. అవి తీయొద్దు," అన్నాను.

"అయ్యో, పెద్దోళ్ళ కష్టం. తీస్తానా సార్?"

తీశాడు. ప్రారంభోత్సవానికి ముందురోజు ధర్మవరం వెబ్‌సైటు ఫోనులో తెరిచి చూస్తే, అడుగున ఆయన పేరుంది. ఒక్కో పేజీ వెతికాను. ఇంకో సంగతి బయటపడింది. పైన ఊరి పేరు మార్చాడు గానీ, లోపల మా పట్టికను అలాగే వదిలేశాడు. చెబితే గంటలో సరిచేసుకునేవాడు. చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే ధర్మవరం బస్సెక్కాను.

హాలు నిండుగా ఉంది. ఆయన గోడ మీద తెర వేసి, ఏ పుస్తకమైనా అడగండన్నాడు. లేచి, వేరుశనగ తెగుళ్ళ పుస్తకం అడిగాను. నన్ను చూసి ఆయన ముఖం మారింది, అయినా టైపు చేయక తప్పలేదు. తెర మీద నేను రాసుకున్న వాక్యమే వచ్చింది: 'పెనుకొండ, కిటికీ పక్క బీరువా. వాన పడితే జరపాలి.'

వెనక నుంచి మగ్గం నేసే పెద్దమనిషి ఒకాయన అందుకున్నాడు. "ఏమబ్బా, ఈడ పుస్తకానికి పెనుకొండకు పోవల్లనా? బీరువా కూడా మేమే జరపల్లనా?"

హాలంతా నవ్వింది. సెంటరాయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, "ఏం సార్, ఒక్క మాట ముందే చెప్పింటే ఏం పోయె?" అన్నాడు.

"నువ్వూ ఒక్క మాట అడిగి తీసింటే ఏం పోయె? ఆ రెండు వరుసలు ఇప్పుడే, ఈడనే పెట్టు."

అందరూ చూస్తుండగా టైపు చేశాడు. అక్షరాలు చిన్నవన్నాను. పెద్దవి చేశాడు. నాకు కంటిచూపు తక్కువన్నాను. ఇంకా పెద్దవి చేశాడు. నా కంటికి ఏ జబ్బూ లేదు.

బస్టాండులో దింపుతానని బండి తీశాడు. నడిచే పోయాను.

ఆ తర్వాత మా వెబ్‌సైటులో పుస్తకాలు వెతికేచోట ఒక లోపం సరిచేశాను. అదే లోపం ఆయన చేసినదాంట్లోనూ ఉంది. దిద్దినదాన్ని దాచుకోవడం నా పద్ధతి కాదు. అందరూ తీసుకునేలా నెట్‌లో పెట్టాను. పెట్టినట్టు ఆయనకు మాత్రం చెప్పలేదు.