సౌండు పెట్టె మీద కుంకుమ

నా పేరు వెంకమ్మ. వయసు అరవై ఎనిమిదో, డెబ్బయ్యో. భద్రాచలం బస్టాండు వెనక సందులో నేనూ, భర్త పోయిన నా కోడలూ ఉంటాం. కంప్యూటర్ సెంటరు ఊడుస్తాను. నాకు చదువు రాదు. నేను చెబుతున్నాను, కోడలు రాస్తోంది.

మా సందు మొదట్లో రేడియోలు బాగుచేసే ఉస్తాదు మొన్న పొద్దున పోయారు. కబురు తెచ్చిన పాల యాదగిరి అంతటితో ఊరుకోలేదు. "గదే, కంప్యూటర్ కాలవెట్టిండు సూడు, ఆ ఉస్తాదు" అన్నాడు. పోయిన మనిషికి ఈ బజారు మిగిల్చిన పేరు అది. అది అబద్ధం. నిజం మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు నాకొక్కదానికే.

సెంటరులో పాత సౌండు పెట్టెలు రెండుండేవి. కంప్యూటర్ లోపలి పాత సౌండు కార్డే వాటికి బలమిచ్చేది. కొత్త కార్డు వేశాక వాటి గొంతు దోమ రొదంత అయింది. పారేయమన్నారు సెంటరు నడిపే సారు.

"పెట్టె సచ్చిపోలే సార్, ఆకలైతుంది గంతే" అన్నారు ఉస్తాదు.

చెడిపోయిన టేప్ రికార్డర్ నుంచి సౌండు పెంచే బిళ్ల కోసి, ఒక పెట్టెలో బిగించారు. వైరు తొడుగు పళ్లతో ఒలిచేవారు. సీసం కరిగించి టాంకా వేసినప్పుడల్లా పసిబిడ్డకు పాలు చల్లార్చినట్టు ఊదేవారు. సాసరులో చాయ్ మీగడ కట్టినా చూసుకునేవారు కాదు. పెట్టె మొదటిసారి గట్టిగా పలికినప్పుడు నేను ఉలిక్కిపడి చీపురు వదిలేశాను.

"బెదిరినవా పెద్దమ్మా? నీ గొంతు కన్నా చిన్నదే" అని నవ్వారు.

ఆ పెట్టెకు కరెంటు తెచ్చే వైరుకూ, కార్డు నుంచి సౌండు తెచ్చే వైరుకూ ఒకేలాంటి పిన్నులు. ఆయన పాత సామానులో దొరికినవి అవే. ఉరుములొస్తాయని సాయంత్రం అన్నీ పీకి, పొద్దున మళ్లీ పెట్టే పని నాది. అందుకని కరెంటు పిన్నుకూ, అది దూరాల్సిన పెట్టె రంధ్రానికీ ఎర్ర గోళ్ల రంగు పూశారు.

"ఎర్రది ఎర్రదాంట్లకే. కార్డుకు మాత్రం ఎరుపు సూపియ్యకు" అని నా చేత మూడుసార్లు చెప్పించారు.

దసరా వచ్చింది. ఆయుధపూజ. కొడవలికి పెట్టినట్టే కంప్యూటర్‌కూ బొట్లు పెట్టాను. వెనకవైపు వదిలేస్తే మంచిది కాదనుకుని, ప్రతి రంధ్రానికీ, పీకి ఉంచిన ప్రతి పిన్నుకూ తడి కుంకుమ అద్దాను. మర్నాడు చూస్తే అన్నీ ఎర్రవే. కరెంటు పిన్ను తీసుకెళ్లి కార్డులో పెట్టాను. స్విచ్ వేశాను. కాలిన వాసన.

సారు అరుస్తుంటే ఉస్తాదు వచ్చారు. వంగి వెనక్కి చూశారు. నా ముఖం చూశారు. భుజం మీది తువ్వాలతో బొట్లు తుడిచేసి లేచారు.

"నా వైరింగే ఉల్టా అయింది సార్."

సారు ఆ పెట్టెను ఆయన చేతిలో పెట్టి బయటికి పొమ్మన్నారు. నేను వెంటపడ్డాను. "ఏంది ఉస్తాదూ ఇది? తప్పు నాది గదా!"

"అవ్. సెప్తే నిన్ను ఎల్లగొడ్తడు. నాకు ఇంకో పెట్టె దొరుకుద్ది. నీకు ఇంకో సెంటరేది?"

"నేను సెప్త."

"నా మీద ఒట్టు పెద్దమ్మా."

నా నోటికి తాళం పడింది. నా ప్రాణం మీద ఒట్టయితే తెంచేసేదాన్ని. తప్పితే ఆయన ప్రాణం మీదికొచ్చే ఒట్టు అది. ఆయనకు ఇంకో పెట్టె దొరకలేదు. ఎవరూ కంప్యూటర్ ముట్టనివ్వలేదు. తర్వాత రేడియోలూ రాలేదు. రోజూ ఆ దుకాణం ముందు నుంచే నా దారి. నేను నోరు తెరవబోతే అరచేయి తన గుండె మీద పెట్టుకునేవారు. "గట్ల సూడకు. జల్దీ పో, సారొస్తడు" అనేవారు. రెండేళ్లు తలుపు లేని గదిలో ఉన్నట్టు బతికాను.

కోడలు రాయడం ఆపి నన్ను చూస్తోంది. రాయవే. కార్డు కాల్చింది నేను. పని తీసేస్తే తీసేయనీ. ఇక కాపాడాల్సిన ప్రాణం లేదు, ఒట్టూ లేదు. ఈ కాగితం సెంటరు తలుపుకు అంటించండి.

మొన్న ఆయన్ని తీసుకెళ్లాక దుకాణంలోకి వెళ్లాను. బల్ల మీద ఆ పెట్టె ఉంది. అంతటా దుమ్ము. వెనక్కి తిప్పితే ఎర్ర రంగు పూసిన రంధ్రం, దాని అంచున నేనద్దిన కుంకుమ. దాన్ని ఆయన తుడవలేదు.

బొటనవేలు పెట్టమంటోంది కోడలు. కాదు. ఆ బొట్లు పెట్టింది ఉంగరం వేలు. నిశానీ అదే వేస్తుంది.

వెంకమ్మ ఉంగరం వేలి నిశానీ.
సాక్షులు: బీడీ దుకాణం మస్తానమ్మ, పాలు పోసే యాదగిరి, మొత్తం విన్నాక.