సున్నా నిమిషంలో మచ్చ

వేడి గది మొహమైనా చూడని ఆకు వేడికి భయపడిపోతే ఏమనుకోవాలి? లగూనా సరస్సుకి దక్షిణాన, ఓ చిన్న వరి పరిశోధన కేంద్రంలో, మూడు నెలలుగా అదే జరుగుతోంది. ఆ ఆకులు కోసే మనిషి సియాంగ్.

అసలు పేరు కాన్సొర్సియా. యాభై నాలుగేళ్లు. ఇరవై రెండేళ్ల కిందట రోజుకూలీగా చేరింది. నాట్లు వేసింది, వెన్నులు దులిపింది, తాలు గింజలు ఏరి లెక్కపెట్టింది, చివరికి ల్యాబు దాకా వచ్చింది. మొక్కలకి ఆమె కట్టిన పేర్ల చీటీ తప్పిన రోజు లేదు. ఆమె పోసిన నారు చచ్చిన రోజూ లేదు. "చల్లని చెయ్యి" అనేవాళ్లు ఊళ్లో. ఆ మాటే ఆమె ఆస్తి.

ఇప్పటి పని ఇదీ. పొద్దున తొమ్మిదింటికి నారుమడి నుంచి మొక్కల ట్రే తెచ్చి, చల్లటి గదిలో గంటసేపు ఉంచాలి. తర్వాత ఒక ఆకు కోసి, పొగలు కక్కే ద్రవ నత్రజనిలో ముంచాలి. అది సున్నా నిమిషం ఆకు. అప్పుడు మొక్కల్ని నలభై రెండు డిగ్రీల గదిలోకి తోసి, గంటకో ఆకు కోస్తూ పోవాలి. చూడ్డానికి మొక్క నిన్నటిలాగే పచ్చగా నిలబడి ఉంటుంది. లోపల మాత్రం ప్రొటీన్లు మడతలు ఊడిపోయి, ఉడికే తెల్లసొనలా ఒకదానికొకటి అంటుకోబోతాయి. వెంటనే కణం కాపలా ప్రొటీన్లని పుట్టిస్తుంది. అవి ముద్దల్ని విడదీసి, మళ్లీ మడతపెట్టి, ఎక్కడివక్కడ సర్దేస్తాయి. ఇంత జరిగినా చిన్న చప్పుడుండదు. ఆకు నూరి రసం తీసి ఫిల్ము మీదకి ఎక్కిస్తే ఆ కాపలావాళ్లు నల్లటి మచ్చలై కనిపిస్తారు. సున్నా నిమిషం ఆకులో మాత్రం మచ్చ ఉండకూడదు.

ఉంది.

"మళ్లీ వచ్చిందక్కా," అంది ఆ ల్యాబు నడిపే డాక్టర్ మగ్సినో, ఫిల్ముని కిటికీ వెలుగులోకి ఎత్తి. "చీటీలేమైనా తారుమారయ్యాయా?"

"ఇరవై రెండేళ్లు డాక్టర్."

"తెలుసక్కా. అందుకే నాకు భయమేస్తోంది. వేడి వస్తోందని వీటికి ముందే ఎవరు చెబుతున్నారు?"

మర్నాడు డాక్టరే స్వయంగా ఆకు కోసింది. సియాంగ్ చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. మచ్చ వచ్చింది. నిన్నటికన్నా నల్లగా. డాక్టర్ ఒక్కసారి, ట్రే మోసుకొచ్చిన సియాంగ్ చేతుల వైపు చూసింది. ఆ చూపు చాలు కదా!

రోజూ నారుమడి నుంచి ఆమెనీ ట్రేనీ తీసుకొచ్చే ట్రైసికిల్, అంటే మూడు చక్రాల మోటారు బండి, నడిపే బెర్తింగ్‌కి ఈ సంగతి ఎలా తెలిసిందో తెలిసింది. "ఏంటక్కా, నిన్ను చూస్తే చాలు మొక్కలకి జ్వరం వస్తోందటగా? నా సీటు కాలిపోతోందంటే ఎవరి పుణ్యమో అనుకున్నా!"

"నీ సీటు కాలేది నీ డొక్కు ఇంజినుకిరా, ముందు దానికి మందు పోయించు," అంది సియాంగ్. నవ్వింది కూడా. కానీ దిగేటప్పుడు బండి కమ్మీ పట్టుకోలేదు.

ఎందుకంటే ఇంట్లో ఇంకోటి మొదలైంది. కూతురు రోవెలిన్‌కి కొడుకు పుట్టి ఐదు వారాలు. ఇంకా బాప్తిస్మం కాలేదు. సియాంగ్ పనినుంచి వచ్చి ఎత్తుకోగానే బాబు గుక్కపట్టేవాడు, పొట్ట బిర్రుగా అయ్యేది. ఊసోగ్. దిష్టిలాంటిదే కానీ దీనికి అసూయ అక్కర్లేదు. ఎండనపడి అలిసి ఆకలితో వచ్చిన మనిషి ప్రేమగా చూసినా సరే, ఆ ఒంటివేడి పసివాళ్లకి తగులుతుంది. ఎవరిది తగిలిందో వాళ్లే తమ ఉమ్మి తీసి పొట్టమీద రాయాలి.

"కాస్త రాయమ్మా," అంది రోవెలిన్, మొహం చూడకుండా. "నీదేనని కాదు. రాస్తే పోయేదేముంది?"

"రాస్తే నాదేనని ఒప్పుకున్నట్టేగా."

ఆ రోజు నుంచి ఆమె బాబుని ముట్టుకోలేదు. నాలుగుసార్లు చేతులు కడుక్కుని గదిలో అవతలి మూల కూర్చునేది. బాబు కళ్లు ఆమె చేతులు ఎటు కదిలితే అటే తిరిగేవి. సియాంగ్ తన అరచేతులు చెంపలకి ఆనించుకుని చూసుకునేది. తన వేడి తనకెలా తెలుస్తుంది?

గురువారం రోడ్డు మలుపు దగ్గర ట్రైసికిల్ గుంతలో పడింది. ఒళ్లో ఉన్న ట్రే జారబోతే, కప్పిన నల్ల ప్లాస్టిక్ కిందకి చెయ్యి దూర్చి పట్టుకుంది సియాంగ్.

ఎవరి నోట్లోనో చెయ్యి పెట్టినట్టయింది. తడి. వేడి ఊపిరి. ఆకులు జిగటగా వేళ్లకి అంటుకున్నాయి.

అలాగే బిగుసుకుపోయింది. ఆ ప్లాస్టిక్ కప్పడం ఫిబ్రవరిలో మొదలుపెట్టింది, ఈ మలుపులో రోడ్డు వెడల్పు చేసే పని మొదలైనప్పుడు. కూలీలు ఎండకి మాడిపోయి, ఆకలితో ఆ లేతపచ్చ నారుని కళ్లార్పకుండా చూసేవాళ్లు. పసిబిడ్డ మీద గుడ్డ కప్పినట్టు, ఊసోగ్ తగలకుండా మొక్కల మీద తనే కప్పింది. దారి ఇరవై అయిదు నిమిషాలు. పైన ఏప్రిల్ ఎండ.

సంచిలోంచి నారుమడి థర్మామీటరు తీసి ప్లాస్టిక్ కిందకి దూర్చి, లెక్కపెడుతూ ఆగి, బయటికి తీసింది. నలభై మూడు.

"ఏంటక్కా, దెయ్యాన్ని చూశావా?" అన్నాడు బెర్తింగ్.

"ఊరికే ఉండరా."

నోరు విప్పితే మూడు నెలల ఫిల్ములు చెత్తబుట్టలోకి పోతాయి. జూన్‌లో తన కాంట్రాక్టూ పోవచ్చు. విప్పకపోతే ఈ చేతులు ఎప్పటికీ ఇలాగే.

శుక్రవారం రెండు ట్రేలు తెచ్చింది. ఒకదానికి ప్లాస్టిక్ కప్పింది, రెండోది ఒళ్లో బట్టబయలుగా పెట్టుకుంది. మలుపులో ఓ కూలీ పార మీద వాలి, "ఎంత బాగుందక్కా నారు!" అన్నాడు. ఆమె వేళ్లు ప్లాస్టిక్ కోసం పాకాయి. పళ్లబిగువున ఆపుకుంది. రెండు ట్రేల్లోనూ సున్నా నిమిషం ఆకులు తన చేత్తోనే కోసింది.

సోమవారం ఫిల్ము వచ్చింది. ఒక వరసలో మచ్చ. పక్క వరస కడిగినట్టు ఖాళీ.

"ఈ రెండోది ఏంటక్కా?" అంది డాక్టర్.

సియాంగ్ మొత్తం చెప్పింది. కూలీలు, ప్లాస్టిక్, థర్మామీటరు. డాక్టర్ నవ్వబోయి మానేసి, రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"దారిలో నువ్వు చేసినదంతా దాచుకుని నాకు చూపించాయి ఈ మొక్కలు. మూడు నెలలు అక్కా! పైవాళ్లకి రాయాలి. నీ పేరు రాయాల్సొస్తుంది."

"రాయండి డాక్టర్. కానీ చేతులు అని రాయకండి. ప్లాస్టిక్ అని రాయండి."

డాక్టర్ పెన్ను తీసింది.

సాయంత్రం సియాంగ్ ఇంటికి వెళ్లి, చేతులు కడుక్కోకుండానే తిన్నగా ఉయ్యాల దగ్గరికి నడిచింది.

"అమ్మా, ఎండలోంచి వచ్చావు కదే..." అంది రోవెలిన్.

"అవును, ఎండలోంచే వచ్చాను."

బాబుని ఎత్తుకుని వీపు మీద అరచెయ్యి ఆనించింది. బాబు పెదవి వంకరపోయింది. రోవెలిన్ అందుకోవడానికి చేతులు చాపింది. ఆ చిన్న వీపు లోపల ఏవి మడతలు విప్పుకుంటున్నాయో, ఏవి కాపలా లేస్తున్నాయో పైకి ఏమీ తెలియడం లేదు. ఆ చర్మం కింద ఏదో తన చేతిని గుర్తుపెట్టుకుంటోందని సియాంగ్‌కి ఒళ్లు జలదరించింది.

అయినా చెయ్యి తియ్యలేదు.