మిషన్ గుర్తుపట్టని చెయ్యి

పెద్దమ్మ పోయిందని మొన్న సోమవారం పొద్దున ఆమె ఆడబిడ్డ ఫోన్ చేసి చెప్పింది. "మీ పెద్దమ్మ పోయిందే. వాకిలి ఊడ్సి అరుగు మీద కూసున్నది, గట్లనే పోయింది. జల్దీ రా" అని పెట్టేసింది. నేను సంగారెడ్డిలో బస్సెక్కి పటాన్‌చెరు దగ్గర మా ఊళ్ళో దిగేసరికి, వాకిట్లో పెద్దమ్మ కంటే ముందు నా కంటపడింది ఒక పూలదండ. మనిషెత్తు దండ. దానికి అడ్డంగా రిబ్బను, రిబ్బను మీద ఫ్యాక్టరీ పేరు, పేరు కింద 'మా కుటుంబ సభ్యురాలికి అశ్రునివాళి' అన్న అక్షరాలు.

కడుపు మండిపోయింది. వచ్చే నెల ఆ ఫ్యాక్టరీని ఇంకా పెంచడానికి ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారు. అందుకే ఈ చుట్టరికం. బతికున్నప్పుడు నువ్వు నువ్వేనని రుజువేమిటని అడిగినవాళ్ళకు, పోయాక ఆమె కుటుంబ సభ్యురాలైపోయింది. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలంటారు. అది నాకు ఇవాళ చేతకాదు.

ఆమె నాకు రక్తసంబంధం కాదు. మా ఇంటి వెనక వరసలో ఇల్లు, ఊరి వరసలో పెద్దమ్మ. వాళ్ళది పాతకాలం నుంచి సేద్యం చేసిన కుటుంబం. ఎనభైలలో రోడ్డు పక్క పొలాలు ఫ్యాక్టరీల కిందికి పోయినప్పుడు వాళ్ళ పొలమూ పోయింది. భూమి ఇచ్చిన ఇంటికి ఒక నౌకరీ అన్నారు. పెదనాయన అప్పటికే లేడు. అందుకని పొలంలో నాట్లు వేసిన మనిషి, అదే పొలంలో లేచిన షెడ్డులో డ్రమ్ములు కడిగే పనికి పోయింది.

అది మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీ. డ్రమ్ముల్లో, గాజు పాత్రల్లో మిగిలిన యాసిడ్లూ ఏవేవో ద్రావకాలూ చేతులతో కడగాలి. నేను పదో తరగతి అయ్యాక అక్కడే ప్యాకింగ్‌లో చేరాను కాబట్టి రోజూ చూసేదాన్ని. పెద్దమ్మ కొంగు బొడ్లో దోపుకుని, కడిగిన డ్రమ్మును వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేది. మోత నచ్చకపోతే మళ్ళీ కడిగేది. ఎవరూ అడగకపోయినా అంతే. తనిఖీకి ఇన్‌స్పెక్టర్ వస్తున్నాడంటే మాత్రం అందరికీ గ్లౌజులు పంచేవాళ్ళు. ఆయన కారు గేటు దాటగానే మళ్ళీ వసూలు చేసుకుని పెట్టెలో పెట్టేవాళ్ళు. "మన శేతులకు గాదే ఇవి, ఇన్‌స్పెక్టర్ కండ్లకు తొడుగుతున్నరు" అనేది పెద్దమ్మ, గ్లౌజులు విప్పి ఇచ్చేస్తూ. మేమంతా నవ్వేవాళ్ళం. ఎందుకు నవ్వామా అని ఇప్పుడు ఒళ్ళు మండుతుంది.

ఆమె చెయ్యి గురించి ఊళ్ళో ఒక కథ ఉంది. చిన్నప్పుడు బండి కాడి కింద పడి కుడిచేతి చిటికెన వేలు బయటికి వంగిపోయింది. అది మళ్ళీ సరి కాలేదు. ఇంటికి బర్రెలున్నాయి కనుక ఆమె డ్యూటీకి పోయేముందు ప్రహరీ గోడకు పిడకలు కొట్టేది. ప్రతి పిడక మీద నాలుగు వేళ్ళు నిటారుగా, ఐదోది పక్కకు వాలి ఉండేది. ఒక వానాకాలం ఆమె పిడకలు తగ్గిపోతూ వచ్చాయి. పెద్దమ్మ పక్కింట్లో ఉన్న ఆడబిడ్డ వంటింట్లోకి నడిచి, పొయ్యి పక్క నుంచి ఒక పిడక తీసి, "వదినా, గీ శిటికెన ఏలు నీదేనా?" అంది. ఆడబిడ్డ తడుముకోకుండా, "నీ ఏలుకు నా పొయ్యికాడ ఏం పని? దాన్నే అడుగు" అంది. వాడకట్టంతా పగలబడి నవ్వింది. ఆ తర్వాత వాళ్ళిద్దరికీ చాలాకాలం మాటల్లేవు. పండక్కి వండింది మాత్రం గోడ మీంచి అటూ ఇటూ గిన్నెల్లో పోతూనే ఉండేది.

అట్లా ఊరంతా పోల్చుకోగలిగిన చెయ్యి మెల్లమెల్లగా అరిగిపోయింది. మొదట వేళ్ళ కొసలు పగిలాయి, తర్వాత తోలు ఊడింది, తర్వాత కొత్తగా వచ్చిన తోలు నున్నగా, గీతల్లేకుండా వచ్చింది. గ్లాసు పట్టుకుంటే జారేది. సూదిలో దారం నాతో ఎక్కించుకునేది. జొన్నరొట్టె తడుతూ ఒకరోజు, "పెనం సుర్రుమంటలేదే బిడ్డా. మంచిగైంది, ఇగ పట్కారు కొనే పని లేదు" అని నవ్వింది. ఏ బాధనైనా ఆమె అట్లాగే చెప్పేది. అది మంచి అలవాటని నేను అనను. ఆమె నవ్వినందుకు ఫ్యాక్టరీకి హాయిగా ఉండింది.

కొత్త శతాబ్దం వచ్చింది, దాంతోపాటు గేటు దగ్గరికి వేలు పెట్టే మిషన్ వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, దానికి కుంకుమ బొట్టు పెట్టి, మాకందరికీ లడ్డూలు పంచారు. సిబ్బంది వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసరు, కుర్రవాడే, మైకు లేకుండానే మైకు ముందు నిలబడ్డవాడి గొంతుతో మాట్లాడాడు. "ఇక మీదట ఒకరి బదులు ఒకరు హాజరు వేసే మోసం కుదరదు. యంత్రానికి అబద్ధం రాదు" అన్నాడు. మమ్మల్ని దొంగలన్నాడని అర్థమయ్యేలోపల లడ్డూ నోట్లో ఉంది.

మర్నాటి నుంచి డ్రమ్ములు కడిగే ఆడవాళ్ళకు ఎర్రలైటు పడడం మొదలైంది. వాళ్ళు వేలు పెట్టడం, అది కీచుమనడం. కడగడం తప్ప వేరే పని ఎరగనివాళ్ళు కదా, మిషన్‌కు తమ వేళ్ళు మురికిగా కనపడుతున్నాయనుకున్నారు. చింతపండు పెట్టి, బూడిద పెట్టి, కొబ్బరి పీచుతో వేళ్ళు రుద్దుకున్నారు. ఇంకా ఎర్రలైటే పడితే ఇంకా గట్టిగా రుద్దుకున్నారు. అందరికంటే శుభ్రంగా కడిగే మనిషి పెద్దమ్మ కాబట్టి అందరికంటే ఎక్కువ ఆమే రుద్దుకుంది. మిగిలిన ఒకటీ అరా గీతా దాంతో పోయింది. గేటు పక్క కుళాయి దగ్గర ఈ తతంగమంతా ఆఫీసు కిటికీలోంచి చూసి నవ్వుకున్నారే గానీ, అట్లా రుద్దకండమ్మా అని ఒక్కడూ వచ్చి చెప్పలేదు. ఆ కిటికీని నేను చచ్చేదాకా మరిచిపోను.

గేటు దగ్గర వాచ్‌మన్ బీహారతను. ఎన్నోసార్లు పెద్దమ్మ రొట్టె తిన్నవాడు. "క్యా కరూఁ అమ్మా, మిషన్ నహీఁ లే రహా" అనేవాడు, మిషన్ తీసుకోవడం లేదు, నేనేం చెయ్యను అని తల వంచుకునేవాడు. పెద్దమ్మ అక్కడ నిలబడే ఆఫీసరును అడిగింది. "సారూ, నేను మీకెర్కలేనా?"

"నాకు తెలిస్తే ఏం లాభమమ్మా? సిస్టమ్‌కు తెలియాలి" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు వాడి ముఖంలో సిగ్గు కోసం వెతికాను. లేదు.

కొన్నాళ్ళు గైర్హాజరు వేసి భయపెట్టాక దారి చూపించారు. ఒక కాగితం మీద వేలిముద్ర వేస్తే మిషన్ బదులు కార్డు ఇస్తారట. సెక్షన్‌లో చాలామంది వేసేశారు. వాళ్ళను నేను తప్పుపట్టను, ఇంట్లో పొయ్యి వెలగాలి. పెద్దమ్మ మాత్రం నన్ను వెంటబెట్టుకుని పోయింది. "నువ్వు సదివినవ్ గద. ఏమున్నదో సదివి జెప్పు."

చదివాను. వేళ్ళు అరగడం ఇంట్లో పిడకలు కొట్టడం వల్ల, పొలం పని వల్ల జరిగిందనీ, దానికీ కంపెనీ పనికీ ఏ సంబంధం లేదనీ అందులో ఉంది.

"మల్ల సదువు" అంది. మళ్ళీ చదివాను.

పెద్దమ్మ తన చెయ్యి తిప్పి చూసుకుంది. "పిడకలు కొడ్తే తోలు పోతదా సారూ? మా వదినె పుట్టినకాడికెల్లి పిడకలే కొట్టింది. ఆమె ఏళ్ళు సూడుండ్రి."

"ఆమెతో మాకేం పని? ముద్ర వేశావంటే రేపటి నుంచి కార్డు. లేదంటే నీ ఇష్టం" అని ఆఫీసరు సిరా ప్యాడు ముందుకు తోశాడు.

"ముద్దరెట్ల ఏస్త? నాకు ఏలే లేదన్నది గద మీ మిషను."

"ఇక్కడ అంత స్పష్టంగా అక్కర్లేదమ్మా. మచ్చ పడితే చాలు."

పెద్దమ్మ ఆ వేలే ఎత్తి చూపించింది. "గేటుకాడ పనికిరాని ఏలు గీడ ఎట్ల పనికొస్తది సారూ?" అంది. ఆఫీసరు నా వైపు తిరిగి, "మీవాళ్ళకు అర్థమయ్యేలా నువ్వు చెప్పు" అన్నాడు. ఆమెకు అర్థం కానిది అందులో ఏదీ లేదు. ఆమె సిరా ప్యాడు మూత పెట్టేసి లేచింది.

నేను ఆ సాయంత్రమే ఆడబిడ్డకు సంగతంతా చెప్పాను. మర్నాడు పొద్దున ఆమె ఎవరికీ చెప్పకుండా గేటు దగ్గరికి వచ్చింది. మోచేతుల దాకా పేడ. కుళాయి కింద కడుక్కుని కొంగుకు తుడుచుకుంటూ, "ఏదే ఆ మిషను?" అంది. కాంట్రాక్టు మీద కొత్తగా వచ్చేవాళ్ళ వేళ్ళు ఎక్కించేది వాచ్‌మనే. అతను అటూ ఇటూ చూసి, కొత్తమనిషి లెక్కన ఆమె వేలు పెట్టించాడు. మొదటిసారికే పచ్చలైటు పడింది.

"గింతేనా?" అంది ఆడబిడ్డ. అప్పుడే కారు దిగుతున్న ఆఫీసరును చూసి గొంతు పెంచింది. "సారూ, జిందగీ అంత పిడకలు కొట్టిన ఏళ్ళు ఇవి. మా మరదలి పిడకలు దొంగతనం గూడ జేసిన వీటితోని. అయినా నీ మిషను నన్ను గుర్తువట్టింది. మరి ఆమె ఏళ్ళు ఏం జేసినవ్?"

షిఫ్టు కోసం నిలబడ్డ జనమంతా విన్నారు. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. అంతకాలం తర్వాత ఆ ఇద్దరూ చేతులు పట్టుకుని ఊళ్ళోకి నడిచిపోయారు.

ఇక్కడితో ఫ్యాక్టరీ తల దించుకుందని రాయగలిగితే బాగుండేది. తల దించుకోలేదు. మిషన్‌లోంచి ఆడబిడ్డ వేలు తుడిపేశారు, వాచ్‌మన్‌ను భానూర్ వైపు ఏదో గోడౌనుకు పంపేశారు. యూనియన్ నాయకుడు "చిన్న విషయం, పెద్దది చేయకండి" అని ముఖం చాటేశాడు. పెద్దమ్మను తీసుకుని సంగారెడ్డిలో కార్మిక శాఖ ఆఫీసుకు పోతే, అక్కడి గుమాస్తా, హాజరు రికార్డులో లేని మనిషి కార్మికురాలు ఎట్లా అవుతుందన్నాడు. ఆ హాజరు వేసేది ఆ మిషనే. చెప్పకుండా పని మానేసిందని రాసి ఆమెను తీసేశారు, చేతులు దులుపుకున్నారు. నేను కూడా అక్కడ ఉండలేక మానేసి, పోతిరెడ్డిపల్లిలో కుట్టుమిషన్ పెట్టుకున్నాను.

ఆ మధ్య సంగారెడ్డిలో మానవ హక్కుల మీద ఒక సభ జరిగితే పోయాను. యంత్రాల మీద కోపం తగదు, అవి మంచీ చెడూ ఎరగవు, వాడేవాళ్ళను బట్టి ఉంటుంది అని ఒక పెద్దమనిషి చల్లగా చెప్పాడు. ఆయన వేళ్ళకు గీతలున్నాయి కాబట్టి అట్లా చెప్పగలిగాడు. నాకు ఆ మనుషుల మీద కోపం, ఆ యంత్రం మీదా కోపమే. రోజూ ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి, పేరు పెట్టి పిలిచి, ఆ తర్వాత నువ్వు లేవు పొమ్మనడానికి వాళ్ళకు ధైర్యమిచ్చింది అదే.

నాకు కడుపు మండినప్పుడల్లా పెద్దమ్మ నన్నే ఊరుకోబెట్టేది. "పని పాయె గని, అబద్ధానికి ముద్దర ఎయ్యలే బిడ్డా. నాకు గది సాలు" అనేది. ఆమెకు చాలిందేమో. నాకు చాలలేదు, ఇప్పటికీ చాలదు. కానీ ఎవరైనా నా ముందు కాగితం పెట్టి సంతకం చెయ్యమంటే, మళ్ళీ చదువు అన్న ఆమె గొంతు వినపడుతుంది. చదవకుండా పెట్టాలంటే భయం, పెట్టనని చెప్పే ధైర్యం, రెండూ ఆమె ఇచ్చినవే. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

సోమవారం ఆ దండ వెంట ఫ్యాక్టరీ మనిషి ఒకడు కెమెరాతో వచ్చాడు, దండ శవం మీద వేసి ఫోటో తీసుకుపోవాలట. ఆడబిడ్డ అడ్డం నిలబడి, "మీ దగ్గర మిషనున్నది గద, తెచ్చి వెట్టు. ఈమె ఎవలో గుర్తువడ్తే దండేద్దువు" అంది. వాడు దండ వదిలేసి పోయాడు. నేను దాన్ని రిబ్బనుతో సహా ఈడ్చుకుపోయి మురుగుకాలువలో పడేశాను. ఎవరూ వద్దనలేదు.

నిప్పు కుండకు పిడకలు కావాలన్నారు. ఆడబిడ్డ ప్రహరీ గోడ దగ్గరికి పోయి పెద్దమ్మ కొట్టిన పిడకలను ఒక్కొక్కటే ఊడదీసింది. "ఆమెయి ఆమెకే" అంది. ఒకదాన్ని మాత్రం కుండలో వెయ్యకుండా కొంగులో పెట్టుకుంది. ఎందుకని అడిగాను.

"ఫ్యాక్టరీ పెంచే మీటింగు రోజు తీస్కవోత. ఆఫీసర్లు కూసున్న బల్ల మీద వెడ్త. ఇది ఎవల శెయ్యని అడుగుతరు గద, అప్పుడు జెప్త."

ఊరంతా శ్మశానానికి పోయి వచ్చి స్నానాలు చేశాక, ఇంట్లో పెద్దమ్మ తల పెట్టిన చోట దీపం పెట్టారు. పైన గూట్లో ఆడబిడ్డ ఆ పిడకను గోడకు ఆనించి నిలబెట్టింది. దీపం వెలుగు కింది నుంచి దాని మీద పడుతోంది. నాలుగు వేళ్ళు నిటారుగా ఉన్నాయి, చిటికెన వేలు పక్కకు వాలి ఉంది.